పదో తరగతి మెమో నుంచి కాలేజీ హాజరు పట్టీ దాకా



వార్షికోత్సవం వచ్చిందంటే పదో తరగతి ఉత్తీర్ణతా శాతం చదివి వినిపించడం, అందరం చప్పట్లు కొట్టడం మన హాస్టళ్లలో ఆనవాయితీ. ఆ చప్పట్లు తగినవే. సంతకం బదులు వేలిముద్ర వేసే ఇంటి నుంచి వచ్చి పదో తరగతి గట్టెక్కడం చిన్న విషయం కాదు. అయితే ఆ లెక్క ఫలితాలు వచ్చిన రోజుతోనే ఆగిపోతుంది. పాసైనవాళ్లలో ఎంత మంది ఆ ఏడే ఇంటర్‌లోనో, పాలిటెక్నిక్‌లోనో, ఐటీఐలోనో చేరారు? చేరినవాళ్లలో ఎంత మంది దసరా సెలవుల తర్వాత కూడా కాలేజీకి వెళ్తున్నారు? ఈ లెక్క వేదిక మీద ఎవరూ చదవరు. ఈ హాస్టళ్లలో ఉండి చదువుకొని వెళ్లిన మేము ఆ లెక్క గురించే ఈ వ్యాసంలో మాట్లాడదలిచాం.

మా మాట ఒక్కటే. విద్యార్థిని పాస్ చేయించడం హైస్కూలు పనిలో సగం. ఆ విద్యార్థి పై చదువు తరగతిలో కూర్చొని, అక్కడ చెప్పే పాఠం అందుకోగలిగేటట్టు తయారు చేయడం మిగతా సగం. మొదటి సగాన్ని మన బళ్లు చాలావరకు నేర్చుకున్నాయి. రెండో సగం ఇంకా ఎవరి పనీ కాకుండా మిగిలిపోయింది.

రెండు నెలల ఖాళీ

మన ప్రీ-మెట్రిక్ హాస్టళ్లు పదో తరగతి వరకే. చివరి పరీక్ష రాసి వచ్చాక ట్రంకుపెట్టె సర్దుకొని ఊరికి బయల్దేరవలసిందే. ఆ రోజు నుంచి తెల్లవారుజామున నిద్ర లేపే వార్డెన్ సారు ఉండరు. స్టడీ అవర్ గంట ఉండదు. ప్రకటనలు అంటించే నోటీసు బోర్డు ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రవేశ పరీక్షల దరఖాస్తులు, ఫలితాలు, కాలేజీ ప్రవేశాలు, ధ్రువపత్రాల పనులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చదువుకు అండ ఎక్కువ కావలసిన రోజుల్లోనే మనకు అండ ఉండదన్న మాట.

ఊళ్లో మాత్రం పని ఉంటుంది. మిర్యాలగూడ చుట్టూ సాగర్ ఎడమ కాల్వ కింద యాసంగి వరి కోతకొచ్చేది ఆ కాలంలోనే. ధాన్యం లారీలు, ట్రాక్టర్లు రైసు మిల్లుల ముందు బారులు తీరి ఉంటాయి. వయసొచ్చిన పిల్లవాడికి బస్తాల పనో, ట్రాక్టరు పనో దొరకడం కష్టం కాదు. నాలుగు వారాలు కూలి డబ్బులు చేతికొస్తే ఇల్లు వాటికి అలవాటు పడుతుంది. జూన్‌లో కాలేజీ మాట ఎత్తితే, "ఈ ఏడు ఆగరాదు, వచ్చే ఏడు చూద్దాం" అంటారు. ఆ వచ్చే ఏడు చాలా మందికి రాలేదు. దామరచర్ల వైపు తండాల నుంచి వచ్చిన మిత్రులు, చింతపల్లి నుంచి వచ్చినవాళ్లు, కోదాడ దగ్గరి ఊళ్లవాళ్లు అందరిదీ ఇదే కథ. చెల్లెళ్ల విషయంలో కూలి పని స్థానంలో పెళ్లి మాట వస్తుంది. వీళ్లెవరూ చదువు రాక ఆగినవాళ్లు కాదు. దారి చెప్పేవాళ్లు లేక ఆగినవాళ్లు.

2020లోనూ, 2021లోనూ కరోనా వల్ల పదో తరగతి పరీక్షలు రద్దయి అందర్నీ పాస్ చేశారు. మెమోలు చేతికొచ్చాయి. కానీ బళ్లు, హాస్టళ్లు మూతపడి, ఫోను లేని ఇళ్లలో చదువు నిలిచిపోయింది. మెమో ఒక్కటే ఉంటే సరిపోదని ఆ రెండేళ్లు మనకు బాగా తెలియజెప్పాయి.

మనకు ముందు నడిచినవాళ్లు

బీద పిల్లవాడికి బడి చాలదు, బడి పక్కన అన్నం, నీడ, దీపం కూడా కావాలని మన పెద్దలు ఎప్పుడో గుర్తించారు. డాక్టర్ అంబేద్కర్ గారు 1924లో బహిష్కృత హితకారిణి సభను స్థాపించి, మరుసటి ఏడే షోలాపూర్‌లో విద్యార్థుల కోసం హాస్టల్ తెరిపించారు. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు మెట్రిక్ తర్వాత చదువుకు ఇచ్చే స్కాలర్‌షిప్పు 1944లో మొదలైంది. ఇవాళ మనం ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టే పోస్ట్-మెట్రిక్ స్కాలర్‌షిప్పుకు మూలం అదే.

మన పక్కనే ఉన్న సూర్యాపేటలో 1940ల్లో బొమ్మగాని భిక్షం అనే యువకుడు పేద విద్యార్థుల కోసం హాస్టల్ నడిపారు. దాని ఖర్చుల కోసం విరాళాలు అడిగి తెచ్చేవారు. అందుకే ఆయన ధర్మభిక్షం అయ్యారు. తర్వాత 1952లో సూర్యాపేట నుంచి శాసనసభకు, 1991, 1996లలో నల్లగొండ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఒకనాడు మన జిల్లాలో హాస్టల్ అన్నం విరాళంతో నడిచింది. నేడు అది ప్రభుత్వ బడ్జెట్‌లో పద్దు. మనం తినే అన్నం ఎవరి దయా కాదు, పోరాడి సాధించిన హక్కు. హక్కును పూర్తిగా వాడుకోవడం మన బాధ్యత.

1971లో పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని సర్వేల్‌లో రాష్ట్రంలో మొట్టమొదటి గురుకుల పాఠశాల మొదలైంది. సర్వేల్ ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. తెలంగాణ పోలీసు శాఖకు డీజీపీగా పనిచేసి 2022లో పదవీ విరమణ చేసిన ఎం. మహేందర్ రెడ్డి గారు ఆ బడిలో చదువుకున్నవారే. అక్కడ పిల్లలు బడిలోనే ఉంటారు, పంతుళ్లూ దగ్గరే ఉంటారు. పొద్దున చెప్పిన పాఠం రాత్రి అర్థం కాకపోతే అడగడానికి మనిషి ఉంటాడు. బడికీ, రాత్రి చదువుకూ మధ్య గోడ లేదు. గురుకులాల విజయంలో సగం రహస్యం ఇదే.

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌ల విషయం తీసుకోండి. పూర్ణ తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని, అప్పటికి పదమూడేళ్లది. వాళ్లు నేరుగా హిమాలయానికి పోలేదు. ముందు మన భువనగిరి కొండ మీద తాడు పట్టుకొని ఎక్కడం నేర్చుకున్నారు. తర్వాత డార్జిలింగ్, లడఖ్, ఆ తర్వాతే ఎవరెస్టు. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు చేయి పట్టి తీసుకుపోయినవాళ్లు ఉన్నారు కాబట్టి శిఖరం అందింది. పదో తరగతి మనకు భువనగిరి కొండ. అక్కడే ఆగిపోకూడదు.

ముప్పై అయిదు మార్కుల మెటీరియల్

హాస్టల్‌లో ఉంటూ జిల్లా పరిషత్ హైస్కూలుకో, ప్రభుత్వ హైస్కూలుకో వెళ్లే మనకు పదో తరగతిలో అందే సహాయం ఏమిటో ఒకసారి చూద్దాం. బడిలో పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట ప్రత్యేక తరగతులు. స్లిప్ టెస్టులు. పరీక్షలకు ముందు ప్రీ-ఫైనల్. హాస్టల్‌లో స్టడీ అవర్, ట్యూటర్లు. ఇవన్నీ మంచి ఏర్పాట్లే. మమ్మల్ని గట్టెక్కించింది ఇవే. పదకొండు పేపర్ల స్థానంలో సబ్జెక్టుకు ఒక పేపరు చొప్పున ఆరే కావడంతో కొంత భారం కూడా తగ్గింది.

కానీ ఒక ప్రమాదం ఉంది. ఫలితాల శాతం కోసం చదువులో వెనకబడ్డ పిల్లల్ని వేరు చేసి, వాళ్లకు పాస్ మార్కులకు సరిపడే కొన్ని ప్రశ్నలు మాత్రమే బట్టీ పట్టించడం చాలా చోట్ల అలవాటైంది. ఆ విద్యార్థి 35 దాటి పాసవుతాడు. అదే విద్యార్థి ఎంపీసీలో చేరితే మొదటి నెలలోనే చేతులెత్తేస్తాడు. ఎందుకంటే కాలేజీ లెక్చరరు గారు తొమ్మిది, పది తరగతుల బీజగణితం వచ్చుననుకొని పాఠం మొదలుపెడతారు. బట్టీ పట్టిన ప్రశ్న అక్కడ రాదు. పాస్ మెటీరియల్ మునగకుండా పట్టుకునే ట్యూబు లాంటిది. ట్యూబు పట్టుకొని కాల్వ దాటవచ్చు, కానీ ఈత రాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. దీర్ఘచతురస్రాకారంలో ఉన్న ఒక వరిమడి పొడవు దాని వెడల్పు కంటే 10 మీటర్లు ఎక్కువ. వైశాల్యం 600 చదరపు మీటర్లు. పొడవు, వెడల్పు ఎంత?

సూత్రం బట్టీ పట్టినవాడు ఇక్కడ ఆగిపోతాడు. లెక్కలో వర్గ సమీకరణం ఎక్కడా కనిపించదు మరి! మాటల్ని సమీకరణంగా మార్చడమే అసలు పని. వెడల్పును 'వ' అనుకుందాం. అప్పుడు పొడవు వ + 10. వైశాల్యం అంటే పొడవు, వెడల్పుల లబ్ధం.

వ × (వ + 10) = 600
వ² + 10వ − 600 = 0
(వ + 30) (వ − 20) = 0

కాబట్టి వ = −30 లేదా వ = 20. మడి వెడల్పు మైనస్ ముప్పై మీటర్లు ఉండదు గనుక మొదటిది వదిలేస్తాం. వెడల్పు 20 మీటర్లు, పొడవు 30 మీటర్లు. సరి చూద్దాం: 20 × 30 = 600. సరిపోయింది.

ఈ లెక్కలో నాలుగు అడుగులు ఉన్నాయి. తెలియనిదానికి పేరు పెట్టడం, మాటను సమీకరణం చేయడం, సాధించడం, వచ్చిన జవాబు నిజ జీవితంలో పొసుగుతుందా అని చూడడం. పబ్లిక్ పరీక్షలో అడుగడుగుకూ మార్కులున్నాయి. కాలేజీలో భౌతికశాస్త్రం చదివేటప్పుడు కూడా ఈ నాలుగు అడుగులే పనికొస్తాయి. రోజుకు ఇట్లాంటి లెక్క ఒక్కటి, జవాబు చూడకుండా, చేస్తే చాలు.

దీనికి తోడుగా మేము పాటించి లాభపడిన పద్ధతి ఒకటుంది. అది తప్పుల నోటు పుస్తకం. స్లిప్ టెస్టులో పోయిన ప్రతి మార్కునూ అందులో రాసుకోవాలి. ఎడమ పేజీలో మనం చేసిన తప్పు, కుడి పేజీలో సరైన జవాబు, కింద తప్పు ఎందుకు జరిగిందో ఒక్క వాక్యం. "గుర్తు మార్చడం మరిచాను", "ప్రశ్న సగమే చదివాను", "ఈ పాఠం రోజు ఊళ్లో ఉన్నాను". నెల తిరిగేసరికి మన బలహీనత ఎక్కడుందో ఆ పుస్తకమే చెబుతుంది. మూడో రకం వాక్యాలు ఎక్కువ కనబడితే అది తెలివి లోపం కాదు, హాజరు లోపం. పండుగలకు ఊరికి పోయి వారం ఆలస్యంగా వచ్చే అలవాటు ఉన్నవాళ్లు గమనించాలి.

స్టడీ అవర్‌కు కూడా ఒక క్రమం ఉండాలి. తెల్లవారుజామున బుర్ర తేటగా ఉన్నప్పుడు లెక్కలు, భౌతికశాస్త్రం. సాయంత్రం ఆ రోజు బడిలో జరిగిన పాఠాలు. రాత్రి పడుకునే ముందు అరగంట మరుసటి రోజు పాఠాన్ని ఒకసారి చదివి చూడడం. తెలిసినవాడు తెలియనివాడికి చెప్పాలి. చెప్పేవాడికే ఎక్కువ లాభం, చెప్పిన పాఠం మరి మరిచిపోడు.

ఇంగ్లీషు గడప

మా రోజుల్లో చాలా మందిమి తెలుగు మీడియం. ఇంటర్ మొదటి తరగతిలో లెక్చరరు గారు చెప్పిన పాఠం తెలిసిందే, పేర్లే తెలియవు. కిరణజన్య సంయోగక్రియ మనకు కంఠతా వచ్చు. అదే పాఠం ఫోటోసింథసిస్ పేరుతో వస్తే పరాయి పాఠం అనిపించింది. ఆ బెరుకుతో చదువు మానినవాళ్లను మేమెరుగుదుం.

పరిస్థితి మారింది. 2008-09లో సక్సెస్ స్కూళ్ల పేరుతో ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది. తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టి, ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషు ఉండే పుస్తకాలు ఇచ్చారు. ఆ ఏడు ఎనిమిదిలో ఉన్నవాళ్లు 2025లో పదో తరగతి రాశారు. మీడియం మారినంత మాత్రాన భాష రాదు. ఇంగ్లీషు జవాబును అర్థం తెలియకుండా బట్టీ పడితే రెండు విధాలా నష్టం. అందుకే ముందు తెలుగు పేజీ చదివి విషయం పట్టుకోండి. తర్వాత ఇంగ్లీషు పేజీ చదివి, పాఠానికి పది మాటల చొప్పున జతలు రాసుకోండి. త్వరణం అంటే యాక్సిలరేషన్, ఆమ్లం అంటే యాసిడ్, జడత్వం అంటే ఇనర్షియా. పరీక్షల తర్వాత వచ్చే రెండు నెలల ఖాళీలో ఈ పుస్తకం ఒక్కటి దగ్గర పెట్టుకున్నా కాలేజీలో మొదటి నెల భయం సగం పోతుంది.

దారులు ఎన్ని?

పదో తరగతి తర్వాత ఏమిటని అడిగితే మనలో చాలా మంది "ఇంటర్" అంటారు. ఏ గ్రూపు అంటే "మా దోస్తు తీసుకున్నదే" అంటారు. దారులు ఎన్నో ఉన్నాయి. ఒక్కొక్కటి చూద్దాం.

పాలిటెక్నిక్: మూడేళ్ల డిప్లొమా. పాలిసెట్ ద్వారా ప్రవేశం. ఇంజినీరింగ్ డిప్లొమాకు లెక్కలు 60, భౌతికశాస్త్రం 30, రసాయనశాస్త్రం 30, మొత్తం 120 మార్కులు. ప్రశ్నలన్నీ పదో తరగతి స్థాయివే. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కనీస అర్హత మార్కుల నిబంధన లేదు. డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్ కేంద్రం మన కళ్లముందే లేచింది. అట్లాంటి చోట గేటు బయట కూలి పనికి నిలబడతామా, ఎలక్ట్రికల్ డిప్లొమాతో లోపలికి వెళ్తామా అన్నది పదహారో ఏట తీసుకునే నిర్ణయం మీద ఆధారపడి ఉంటుంది.

ట్రిపుల్ ఐటీ: 2008లో స్థాపించిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం బాసరలో ఉంది. పదో తరగతి ఫలితాల ఆధారంగా ఆరేళ్ల చదువుకు తీసుకుంటారు. మొదటి రెండేళ్లు ఇంటర్ స్థాయి, తర్వాత నాలుగేళ్లు బీటెక్. గురుకులాలు కాని ప్రభుత్వ, జిల్లా పరిషత్ బళ్లలో చదివినవాళ్లకు ర్యాంకు లెక్కలో అదనపు స్కోరు కలుపుతారు. మన హాస్టల్ పిల్లలు చదివేది అట్లాంటి బళ్లలోనే. ఈ సంగతి తెలియక దరఖాస్తే పెట్టనివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

గురుకుల జూనియర్ కళాశాలలు: సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ, బీసీ సంక్షేమ గురుకులాల్లో ఇంటర్ ఉంది. ఇల్లు, భోజనం, చదువు ఒక్కచోటే. ప్రకటన పదో తరగతి పరీక్షలకు ముందే వచ్చే సందర్భాలుంటాయి కాబట్టి జనవరి నుంచే కనిపెట్టుకొని ఉండాలి.

ప్రభుత్వ జూనియర్ కళాశాల: ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ, వీటితోపాటు వృత్తి విద్యా కోర్సులు. సీఈసీ, హెచ్ఈసీ తక్కువ గ్రూపులు కావు. న్యాయశాస్త్రం, టీచరు ఉద్యోగం, గ్రూప్స్ పరీక్షలు ఆ దారిలోనే ఉన్నాయి. మిర్యాలగూడలో కేఎన్ఎం ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. నల్లగొండలో 2007 నుంచి మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం ఉంది. బైపీసీ వాళ్లకు 2019లో నల్లగొండలోనూ, సూర్యాపేటలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మా కాలంలో డాక్టరు చదువంటే హైదరాబాదు మాటే. ఇప్పుడు బస్సెక్కితే గంట ప్రయాణం.

ఐటీఐ: త్వరగా పని నేర్చుకొని ఇంటికి ఆసరా కావలసినవాళ్లకు మంచి దారి. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ వంటి ట్రేడులున్నాయి. దీని తర్వాత కూడా చదువు ఆపనక్కర లేదు.

ఏదైనా సబ్జెక్టు పోయినవాళ్లకు కూడా దారి మూసుకుపోలేదు. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ అదే ఎండాకాలంలో జరుగుతుంది, అదే ఏడు కాలేజీలో చేరవచ్చు. ఓపెన్ స్కూలు కూడా ఉంది. ఫెయిలైనందుకు ప్రాణం మీదికి తెచ్చుకోవడం, ముఖం చాటేసి ఊరు వదిలిపోవడం వద్దు తమ్ముడూ. ఆ సాయంత్రమే సారుకు ఫోన్ చెయ్యి.

కాగితాల పని

మార్కులుండీ కాగితం లేక సీటు పోగొట్టుకున్నవాళ్లు మాలో ఉన్నారు. అందుకని ఈ పట్టిక కత్తిరించి ట్రంకుపెట్టె మూతకు అంటించుకోండి.

1. పేరు, ఇంటి పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు: బడి రిజిస్టరులో, ఆధార్‌లో ఒక్కటిగా ఉండాలి. పదో తరగతి నామినల్ రోల్ పంపే ముందే హెడ్‌మాస్టరు గారికి చూపించి సరిచేయించుకోవాలి. మెమో మీద అచ్చయిన తప్పు జీవితాంతం వెంట వస్తుంది.

2. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం: మీసేవలో దరఖాస్తు. ఆదాయ ధ్రువపత్రం కొత్తది అడుగుతారు కాబట్టి ప్రవేశాలకు కొద్దిగా ముందు తీసుకోవాలి.

3. స్టడీ, బోనఫైడ్ సర్టిఫికెట్లు: ఒకటో తరగతి నుంచి చదివిన ప్రతి బడి నుంచీ తీసుకోవాలి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉద్యోగాల్లో స్థానికతకు ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదివిన చోటు చూస్తారు. ఊరి బడి, తర్వాత హాస్టల్, మధ్యలో అమ్మానాన్నలతో వలస పోయిన చోటు బడి, ఇట్లా మన చదువు నాలుగు చోట్ల ఉంటుంది. ఇప్పుడైతే తిరిగి తెచ్చుకోవచ్చు.

4. విద్యార్థి పేరు మీద బ్యాంకు ఖాతా, దానికి ఆధార్ అనుసంధానం: స్కాలర్‌షిప్పుకు ఇది అవసరం.

5. టీసీ, మెమో: అయిదేసి నకళ్లు. అసలువి ఒక్క కవరులో పెట్టి ఇంట్లో ఎక్కడున్నాయో అమ్మకు చెప్పాలి.

6. పని చేసే ఒక ఫోను నంబరు: దరఖాస్తులో ఇచ్చిన నంబరుకే సమాచారం, ఓటీపీ వస్తాయి. పక్కింటివాళ్ల నంబరు ఇస్తే వాళ్లకు ముందే చెప్పి ఉంచాలి.

ఇంట్లో చెప్పవలసిన మాట

ఇంట్లో అడ్డుపడేది ఎక్కువగా ఖర్చు భయం. ఆ భయానికి జవాబు లెక్కలోనే ఉంది. పదో తరగతితో హాస్టల్ సౌకర్యం అయిపోదు. ఇంటర్ నుంచి పై చదువులవాళ్లకు కాలేజీ హాస్టళ్లు ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి భోజన ఖర్చు పెంచింది. ఎనిమిది నుంచి పది తరగతుల వారికి నెలకు 1,100 రూపాయలు ఉన్నది 1,540 అయింది. ఇంటర్, ఆ పైన చదివేవారికి 1,500 ఉన్నది 2,100 అయింది. 2015 జనవరి నుంచి హాస్టళ్లకు సన్నబియ్యం ఇస్తున్నారు. అర్హులైనవాళ్లకు స్కాలర్‌షిప్పు, ఫీజు రీయింబర్స్‌మెంటు ఉన్నాయి. డబ్బు మంజూరు ఆలస్యమయ్యే సందర్భాలు ఉంటాయి, అది దాచనక్కర లేదు. కాబట్టి చేరేటప్పుడే ప్రభుత్వ కాలేజీకి మొదటి స్థానం ఇస్తే ఆ ఆలస్యం మన మెడకు చుట్టుకోదు.

ఈ లెక్క పిల్లవాడు చెబితే అమ్మానాన్నలు నమ్మకపోవచ్చు. వార్డెన్ సారో, క్లాసు టీచరో చెబితే నమ్ముతారు. అందుకే ఫిబ్రవరిలో జరిగే తల్లిదండ్రుల సమావేశంలో "మీ వాణ్ని బాగా చదివించండి" అని చెప్పి పంపకుండా, పదో తరగతి తర్వాత నెలనెలా ఏమేం చేయాలో చెప్పాలి. కూలి పోతుందని రాలేనివాళ్ల ఇంటికి ఫోనైనా చేయాలి.

చెల్లెళ్లకు ఒక మాట. పద్దెనిమిదేళ్లు నిండకుండా పెళ్లి చేయడం 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం నేరం. ఇంట్లో మాట మొదలైతే మీ టీచరమ్మకో, హాస్టల్ మేడమ్‌కో వెంటనే చెప్పండి. 1098 నంబరుకు ఫోన్ చేయవచ్చు. చదువుకుంటానని చెప్పడం అమ్మానాన్నలను ఎదిరించడం కాదు.

ఇది ఎవరి పని?

అమెరికా హైస్కూళ్లలో విద్యార్థి పై చదువు దారి చూపడానికే కౌన్సెలర్ అనే ఉద్యోగి ఉంటారు. ఏ కాలేజీ, ఏ కోర్సు, ఏ స్కాలర్‌షిప్పు అన్నది ఆయన పని. మన జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆ కుర్చీ లేదు. కుర్చీ వచ్చే దాకా పని ఆగకూడదు. దాన్ని నలుగురం పంచుకోవచ్చు.

క్లాసు టీచరు గారు జనవరిలో ప్రతి విద్యార్థినీ కూర్చోబెట్టి, ఏం చదవాలనుకుంటున్నాడో అడిగి రాసుకోవాలి. వార్డెన్ సారు కాగితాల పని పరీక్షలకు ముందే పూర్తి చేయించాలి. పరీక్షల తర్వాతి రెండు నెలలు పాత విద్యార్థులమైన మేము చూసుకుంటాం. ఒక్కొక్కరం అయిదుగురు తమ్ముళ్ల పేర్లు, ఫోను నంబర్లు తీసుకొని, వారానికి ఒకసారి మాట్లాడతాం. ఏ ప్రకటన వచ్చింది, ఎవరు దరఖాస్తు పెట్టారు, ఎవరు మిల్లు పనికి పోతున్నారు అన్నది తెలుసుకొని, అవసరమైతే ఊరికి వస్తాం. పెద్ద డబ్బు ఖర్చయ్యే పని కాదు ఇది. ఒక ఫోను, ఒక ఆదివారం చాలు.

చివరగా మా ప్రతిపాదన. హాస్టల్ ఆఫీసులో ఒక కొత్త రిజిస్టరు తెరుద్దాం. పదో తరగతి రాసిన ప్రతి విద్యార్థి పేరు, చేరిన కాలేజీ, గ్రూపు, హాస్టల్ దొరికిందా లేదా, స్కాలర్‌షిప్పు దరఖాస్తు పెట్టాడా లేదా అన్నవి అందులో రాద్దాం. జూలై చివర ఒకసారి, దసరా తర్వాత ఒకసారి సరిచూద్దాం. ఏ పేరు ఎదుట గడి ఖాళీగా ఉంటుందో ఆ ఇంటికి ఇద్దరం వెళ్దాం. వచ్చే వార్షికోత్సవంలో ఉత్తీర్ణతా శాతంతో పాటు ఈ రెండో లెక్క కూడా వేదిక మీద చదివిద్దాం. అది వందకు వంద అయిన ఏడు కొట్టే చప్పట్లలో మేమూ ఉంటాం.

పరీక్షలు రాయబోతున్న తమ్ముళ్లకూ, చెల్లెళ్లకూ మా అందరి శుభాకాంక్షలు. బాగా చదవండి. చదివాక ఆగకండి.